మహారాజశ్రీ గిటార్ స్పెక్ షీట్ గారి సముఖమునకు

మహారాజశ్రీ స్పెక్ షీట్ గారికి,

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం వగైరా చోట్ల ఉంటున్న తెలుగు గిటార్ జనం నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అరవై వేల నుంచి లక్షా పాతిక వేల దాకా పలికే అకౌస్టిక్ గిటార్లకు వివరాల పట్టీ అయిన తమరే పెళ్లిళ్ల పేరయ్య. పిల్ల సంగతి చెప్పమంటే వంశం, గోత్రం, మేనమామ ఆస్తి చెప్పి, తాంబూలం పుచ్చుకుని లేచిపోతున్నారని మా అభియోగం.

ముందు ఆ కామా లెక్క తేల్చండి. «సాలిడ్ సిట్కా స్ప్రూస్ టాప్, మహాగనీ బ్యాక్ అండ్ సైడ్స్» అని రాస్తారు. టాప్ అంటే తీగల కింది ముందు పలక, బ్యాక్ అండ్ సైడ్స్ అంటే వెనకా పక్కలూ. కామాకు ఇవతల ఉన్న సాలిడ్, కామా దాటేసరికి మాయం. కొనేవాడు గిటారంతా పొరలు అతకని అచ్చమైన చెక్కే అనుకుంటాడు. తమరు అబద్ధమాడలేదు, నిజమే. చెప్పలేదంతే. ఏ భాగం పేరు ముందు సాలిడ్ అని విడిగా లేదో ఆ భాగం పొరల చెక్క అని మేమే నేర్చుకున్నాం. యమహా ఎఫ్‌జీ800కి టాప్ ఒక్కటే సాలిడ్. టేలర్ 100, 200 సిరీస్‌ల వెనక భాగాన్ని ప్లై అనడానికి నోరు రాక ‘లేయర్డ్’ అన్నారు. మార్టిన్ ఎక్స్ సిరీస్‌కైతే ‘హెచ్‌పీఎల్’ అని మూడక్షరాల బిరుదిచ్చారు. హై ప్రెషర్ లామినేట్ అంటే వంటింటి అలమారాలకు అంటించే సన్‌మైకా జాతి పలకే కదా, ఆ మాట అనేస్తే మాకూ హాయిగా అర్థమయ్యేది.

పొరల చెక్క పనికిరాదని ఇక్కడెవరూ అనడం లేదు. గిటార్ గొంతులో పెద్ద వాటా టాప్‌దే. మూడు మిల్లీమీటర్ల లోపు మందం ఉన్న ఆ స్ప్రూస్ పలక బాగుంటే వెనక ప్లై ఉన్నా చెవికి పెద్ద లోటు తెలియదు. పైగా ప్లై అంత త్వరగా పగలదు. కెనడాలో చేసే సీగల్ ఎస్6కి సీడార్ టాప్ సాలిడ్, వెనకా పక్కలా వైల్డ్ చెర్రీ లామినేట్. దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు. మా గొడవంతా తమరు దాచిపెట్టడం మీదే.

అందుకే దుకాణానికి వెళ్లేటప్పుడు తమరి కాపీ కాకుండా ఫోన్ టార్చి, చిన్న అద్దం తీసుకెళుతున్నాం. సౌండ్‌హోల్ (టాప్ మధ్యలోని గుండ్రని రంధ్రం) అంచు దగ్గర వెలుగు వేస్తే, టాప్ మీది నార గీతలు అంచు మందంలోకి కిందదాకా తిన్నగా దిగాలి. మధ్యలో అడ్డంగా సన్నని పొర కనిపిస్తే ప్లై. వెనక చెక్కకైతే బయట ఒక ముడినో, నల్ల చారనో గుర్తు పెట్టుకుని, అద్దం లోపలికి పెట్టి సరిగ్గా అదే చోట చూడాలి. లోపలా అదే చార ఉంటే సాలిడ్. లేకపోతే తమరి కామా గుర్తు తెచ్చుకోవాలి.

ఇక తమరి కవిత్వం. రోజ్‌వుడ్ అయితే ‘లోతైన బాస్’, మహాగనీ అయితే ‘వెచ్చని మిడ్స్’, అంటే మధ్యస్థాయి స్వరాలు. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫలితాలు ప్రచురించారు. వెనకా పక్కలా వాడిన చెక్క ఒక్కటే తేడాగా ఉన్న ఆరు గిటార్లను 52 మంది వాద్యకారులకు ఇచ్చి, చెక్క కనపడకుండా మసక వెలుతురులో వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి వాయించమన్నారు. ఖరీదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్‌కూ చవక సపేలేకూ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. ఆ సంగతి తమరి దాకా వచ్చినట్టు లేదు.

అన్నట్టు తమరు ఇండియన్ రోజ్‌వుడ్ అని విదేశీ యాసలో పిలిచేది మన జిట్రేగినే. ఇక్కడికి దగ్గర్లోని పడమటి కనుమల్లో పెరిగి, పలకలై ఓడెక్కి, పరాయి దేశంలో గిటారై, దిగుమతి సుంకం నెత్తిన పెట్టుకుని బెంగళూరుకే వస్తుంది. 2017 జనవరిలో రోజ్‌వుడ్ జాతిని దాదాపు మొత్తంగా సైటిస్ (అరుదైన జీవజాతుల వ్యాపారానికి హద్దులు పెట్టే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేర్చినప్పుడు కాగితాల బాధ పడలేక కొందరు పావ్ ఫెర్రో లాంటి చెక్కలకు మారారు. తమరు వెంటనే వాటికీ స్తోత్రాలు కట్టారు. 2019 నవంబరులో, పూర్తిగా తయారైన వాద్యాలకు మినహాయింపు వచ్చింది, రోజ్‌వుడ్ మళ్లీ ‘సాటిలేనిది’ అయింది.

బ్రాండ్లు తేల్చుకోలేక తల పట్టుకున్నవాళ్లకు తమరు చేసిన సాయం శూన్యం కాబట్టి ఆ ముక్క మేమే చెబుతాం. టాప్, వెనక, పక్కలు మూడూ సాలిడ్‌గా ఉన్నవాటిలో యమహా ఎల్ఎల్16, ఈస్ట్‌మన్ ఈ1 వరస, కోర్ట్ గోల్డ్ సిరీస్, గిల్డ్ డీ-140, మార్టిన్ డీ-10ఈ, 2020లో వచ్చిన ఎపిఫోన్ ‘ఇన్‌స్పైర్డ్ బై గిబ్సన్’ జే-45 ముఖ్యమైనవి. వీటిలో ఏదీ తీసిపారేయదగ్గది కాదు. ఏది మేలు అని రాత్రంతా వాదించుకునే కంటే నట్ (గిటార్ మెడ, అంటే నెక్, పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు చూడటం మేలు. ఎపిఫోన్ జే-45కి 43 మిల్లీమీటర్లు, ఎల్ఎల్16కి 44, మార్టిన్‌కి 44.45. మిల్లీమీటరున్నర తేడానే, కానీ వేళ్లతో మీటేవాడికి 43 దగ్గర పక్క తీగ తగులుతూ ఉంటుంది, పిక్‌తో స్ట్రమ్మింగ్ చేసేవాడికి (చిన్న బిళ్లతో తీగలన్నీ ఒక ఊపున మీటేవాడికి) అదే సుఖం. చిన్న చేతులవాళ్లు మార్టిన్ 000 సైజు కూడా చూడాలి. దాని తీగ పొడవు 632 మిల్లీమీటర్లే కాబట్టి బిగువు తక్కువ, వేళ్లకు నొప్పీ తక్కువ. ఇంకో తమాషా: ఎల్ఎల్16 వెనక చెక్క సాలిడ్ అని ఒక గొప్ప, నెక్ అయిదు పొరలని దాని కిందనే ఇంకో గొప్ప. నెక్‌కి పొరలుంటే మెలి తిరగదు, అది నిజమే. ఒకే కాగితంలో పొర ఒకచోట దొంగ, ఇంకోచోట దొరా?

తమరు పొరపాటున కూడా ఎత్తని విషయం నెక్ యాంగిల్, అంటే గిటార్ ఒంటికి నెక్ అతికిన కోణం. ఒకే మోడల్ గిటార్లు రెండు పక్కపక్కన పెడితే బ్రాండుకూ బ్రాండుకూ ఉన్న తేడా కంటే ఎక్కువ తేడా ఇక్కడే బయటపడుతుంది. గిటార్ శ్రుతిలో ఉండగా పొడవాటి స్టీలు స్కేలు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు గీతల) మీద నిలువుగా ఆనించి బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే చెక్క) వైపు జరపాలి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క పై అంచును తాకుతూ పోవాలి, లేదా వెంట్రుకవాసి ఎత్తులో పోవాలి. అలా పోకుండా బ్రిడ్జ్ ముందు ముఖానికి గుద్దుకుంటే నెక్ ముందుకు వంగిందన్నమాట. ఆ పీస్ అక్కడే వదిలేయాలి, ఎంత తగ్గించి ఇస్తామన్నా సరే.

ఎందుకంటే 12వ ఫ్రెట్ దగ్గర లావు ‘ఈ’ (E) తీగ కింద సందు 2.4, సన్న ‘ఈ’ (E) తీగ కింద 1.8 మిల్లీమీటర్లు ఉంటే చేతికి హాయి. ఎక్కువుంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అరగదీయాలి. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దించాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు తగ్గాలి. నెక్ వంగిన గిటార్‌కి అంత శాడిల్ మిగలదు. ఉన్నదంతా గీకేస్తే తీగ బ్రిడ్జ్ మీదికి వంగే కోణం పోతుంది, దానితో గొంతూ పోతుంది. «ట్రస్ రాడ్ తిప్పేస్తే సరిపోద్ది సార్» అనే మాట నమ్మకూడదు. నెక్ లోపలి ఇనుప కడ్డీ అయిన ట్రస్ రాడ్ పని నెక్ మధ్య వంపు సరిచేయడం వరకే. మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలు నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, 14వ ఫ్రెట్ నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూస్తే 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి, అంతే. నెక్ యాంగిల్‌కి అసలు మందు నెక్ రీసెట్, అంటే నెక్ ఊడదీసి కోణం సరిచేసి మళ్లీ బిగించడం. టేలర్ నెక్ బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి సన్నని చెక్క బిళ్లలు మార్చి సరిచేస్తారు. జిగురుతో అతికించిన డవ్‌టెయిల్ జాయింట్ అయితే ఆవిరి పట్టి ఊడదీయాలి. ఆ పని తెలిసిన చేతులు చాలా తక్కువ. బ్రాండ్ ఎంచుకోవడానికి తమరి చెక్కల పట్టిక కంటే ఇది ఎంతో గట్టి కారణం, తమరేమో దీనికి ఒక్క గడి కూడా కేటాయించలేదు.

ఇక వాతావరణం. బెంగళూరు చల్లని ఊరు, గిటార్‌కి భేషు అనుకుంటారు. మార్చి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. సాలిడ్ చెక్కకు కావాల్సింది 45 నుంచి 55. ముందుగా నెక్ అంచున అరచెయ్యి జరిపితే ఫ్రెట్ కొసలు రంపంలా గీసుకుంటాయి. చెక్క కుంచించుకుపోయింది, లోహం అలాగే ఉంది. తర్వాత బ్రిడ్జ్ వెనక కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాల్సిన టాప్ పల్లమవుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) దిగిపోయి తీగలు బజ్ అంటాయి. ఆ బజ్ చూసి శాడిల్ ఎత్తించినవాడు జులైలో ఏడుస్తాడు, వానలకు టాప్ మళ్లీ ఉబ్బి యాక్షన్ కొండెక్కుతుంది కాబట్టి. ఇవేవీ పట్టించుకోకపోతే బ్రిడ్జ్ దిగువన నార వెంబడి సన్నని పగులు. చాలా కంపెనీల వారంటీల్లో తేమ హెచ్చుతగ్గుల వల్ల వచ్చిన పగులుకు దిక్కులేదు. ఆ సంగతి తమరి దగ్గర ఉండదు, వేరే కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

గోడకు తగిలించకుండా కేసులో పెట్టడం, లోపల తేమ తగ్గితే ఇచ్చి, పెరిగితే పీల్చుకునే 49 శాతం తేమ పొట్లాలు వేయడం, తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టడం, ఇంతే వైద్యం. మీటర్ నిజం చెబుతోందా అంటే, సీసా మూతలో ఉప్పు వేసి నాలుగు చుక్కల నీళ్లతో ముద్ద చేసి, మీటర్‌తో పాటు జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేస్తే 75 చూపాలి. 70 చూపిస్తే అయిదు కలుపుకుని చదువుకోవడమే. చెన్నై బంధువులు వాడుతున్నారని తేమ పీల్చేసే సిలికా జెల్ మాత్రం వేయకూడదు. సముద్రపు గాలికి అది మందు, బెంగళూరు మార్చికి విషం. వేసవి సెలవులకు నెల్లూరో బెజవాడో కారులో వెళ్లేవాళ్లు గిటార్‌ని డిక్కీలో వదలకూడదు. ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్ వెనక అంచు లేస్తుంది. అక్కడ విజిటింగ్ కార్డు మూల దూరుతుంటే వెంటనే తీగలు వదులు చేయాలి, లైట్ గేజ్ (సన్నరకం) తీగలు కూడా ఆరూ కలిసి డెబ్భై కిలోలకు పైగానే లాగుతాయి మరి.

కావున తమరు దయతలచి తదుపరి ముద్రణలో సాలిడ్‌ని కామాకు రెండు వైపులా సమంగా పంచి, నెక్ జాయింట్ ఏ రకమో, శాడిల్ ఎంత ఎత్తు మిగిలి ఉందో రాయవలెనని కోరుచున్నాము. ‘వెచ్చని మిడ్స్’ తీసేస్తే చోటు అదే వస్తుంది.

ఇట్లు,
తమ విధేయులు,
మారతహళ్లి గిటార్ జనం

తా.క. ‘కేస్ ఇన్‌క్లూడెడ్’ అన్నారు. పెట్టె విప్పితే గుడ్డ సంచి వచ్చింది. గుడ్డ సంచిలో తేమ పొట్లాలు వేస్తే అవి గిటార్‌కి కాక గదికంతటికీ తేమ పంచి త్వరగా గట్టిపడతాయి. హార్డ్ కేసా, గిగ్ బ్యాగా అన్నది కూడా రాయగలరు.