నా పెదవి, ఊరందరి మచ్చ

మన దగ్గర డాక్టర్ల కొరత ఉందని ఎవరన్నారో గానీ, వాళ్ల పెదవి మీద ఎప్పుడూ మచ్చ పడి ఉండదు. నా కింది పెదవి మీద కందిపప్పు బద్దంత నల్లమచ్చ కనబడిన సాయంత్రానికల్లా మా ఇంట్లో ముగ్గురు స్పెషలిస్టులు తేలారు. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు, ఆ చదువూ లేదు.

పిన్ని దిష్టి అని తేల్చి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. బావగారు "సిగరెట్లు మానేయవోయ్" అన్నారు. నేను పుట్టి ఒక్కటీ కాల్చలేదు. రోజుకో ప్యాకెట్ ఊదే ఆయన పెదాలు మాత్రం నేరేడుపండు రంగులో ఉంటాయి. పొగకి పెదాలూ చిగుళ్లూ నల్లబడే మాట నిజమే కాబట్టి, అనుభవజ్ఞుడి మాటని గౌరవంగానే విన్నాను. పక్కింటి ఆంటీ నిమ్మచెక్కకి పంచదార అద్ది రుద్దమంది. రుద్దాను. మచ్చ అలాగే ఉంది, పెదవి తోలు మాత్రం లేచింది. మంట పుట్టేలా రుద్దిన చోట ఇంకా నల్లబడుతుందని ఆవిడ చెప్పలేదు.

పది రోజుల తర్వాత, చేసేది లేక, అసలు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మచ్చని చూసింది అర నిమిషం. మిగతా పావుగంటా ప్రశ్నలే.

"ఈ మధ్య ఏం మాత్రలు వేసుకున్నారు?"

ఒళ్లునొప్పులకి మెడికల్ షాపు కుర్రాడు ఇచ్చిన నాలుగు మాత్రలు. షీటుని కత్తెరతో కత్తిరించడంలో పేరు సగం ఎగిరిపోయింది. పోయినేడాదీ అవే వేసుకున్నాను, అప్పుడూ అక్కడే దురద, ఎర్రగా కందడం. కొందరికి ఒక మందు పడకపోతే, వేసుకున్న ప్రతిసారీ సరిగ్గా అదే చోట మచ్చ తేలుతుందట. అప్పులవాడు కూడా ఇల్లు అంత కచ్చితంగా గుర్తుపెట్టుకోడు. కొన్ని నొప్పి మాత్రలూ, కొన్ని యాంటీబయాటిక్‌లూ ఇందులో ఆరితేరినవి.

చదునుగా, గోధుమరంగులో, ఏళ్లుగా మారకుండా ఉండే చిన్న మచ్చలు చాలావరకు ఏమీ చేయవట. మచ్చ పెరుగుతున్నా, అంచులు వంకరటింకరగా ఉన్నా, రెండు మూడు రంగులు కలిసినా, రక్తం వచ్చినా, పుండు రెండు వారాలు దాటినా మానకపోయినా ఆగకూడదు. పిల్లల పెదాల మీద చుక్కలు చుక్కలుగా ఉండి తరచూ కడుపునొప్పి వస్తుంటే పేగులు కూడా చూపించాలి. మచ్చతో పాటు నీరసం, బరువు తగ్గడం, చిగుళ్లూ అరచేతి గీతలూ నల్లబడడం ఉంటే రక్తపరీక్ష అవసరం. వీటిలో ఏ ఒక్కదానికీ నిమ్మచెక్క పనిచేయదని ఆవిడ ఎంత మామూలుగా చెప్పిందంటే, మా ఆంటీ వినకపోవడమే మంచిదనిపించింది.

ఆ మందు పేరు ఒక కార్డు మీద రాసిచ్చి, ఎప్పుడూ జేబులో ఉంచుకోమంది. తిరుగుదారిలో మెడికల్ షాపు దగ్గర ఆగి, ఇది నాకు పడదని కార్డు చూపించాను. కుర్రాడు శ్రద్ధగా చదివి, కత్తెర అందుకున్నాడు.

"అయితే ఇదే వేరే కంపెనీది ఇస్తాను సార్."