జీతం లేని చాకిరీకి ఉద్యోగం అని పేరా?

ఆడవాళ్ల నిరుద్యోగంలో చుట్టుపక్కల దేశాలకంటే మనమే నయం అంటూ తిరుగుతున్న గ్రాఫ్ మహారాష్ట్ర చివర తెలంగాణ పక్కనున్న మా సిరొంచ దాకా వచ్చింది. ఇండియా గీత కిందికి దిగుతోంది, నేపాల్, పాకిస్తాన్ గీతలు పైనున్నాయి, ఇంకేం, చప్పట్లే చప్పట్లు. మాకు మాత్రం ఒళ్లు మండింది.

కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వే (PLFS) ప్రకారం మన ఆడవాళ్ల నిరుద్యోగం 2017-18లో 5.6 శాతం ఉన్నది 2023-24కి 3.2 అయింది, ఆ అంకె తప్పని మేం అనట్లేదు. కానీ అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, దాన్ని గ్రాఫ్‌లో పెట్టరెందుకు? పనిలో ఉన్నారని రాసుకున్న ఆడవాళ్లలో ఇంటి పొలంలోనో ఇంటి కొట్లోనో జీతం లేకుండా చేసేవాళ్లు 2017-18లో 31.7 శాతం, 2023-24కి 36.7. చేతికి రూపాయి రాదు, లెక్కలో మాత్రం ఉద్యోగమున్నట్టే.

నేపాల్‌ని చూడండి. 2008లో అక్కడ నిరుద్యోగం 2.1 శాతమే, 2017-18లో 11.4, ఆడవాళ్లలో అయితే 13.1. దేశం కూలిపోయిందా? లేదు, సొంత తిండికి పండించుకునే పనిని ఉద్యోగం కింద లెక్కేయడం మానేశారు, అంతే. మనం మానలేదు. ఈ రెండు గీతల్నీ పక్కపక్కన పెట్టి మనమే గెలిచాం అనడం ఏం న్యాయం?

సర్వేకి దాని పద్ధతులు దానికుంటాయంటారు, ఉండనివ్వండి. ఆ పద్ధతిలో ఏడాదికి 30 రోజులు పనిచేసినా పనిలో ఉన్నట్టే. మా ఆడవాళ్లు మిరప సీజన్‌లో తెల్లారకముందే ట్రాలీల్లో గోదావరి వంతెన దాటి తెలంగాణ చేలకి పోతారు, సాయంత్రం వచ్చాక వేళ్లు మండిపోయి చంటిదానికి చేత్తో అన్నం కలపలేక చెంచాతో పెట్టే తల్లుల్ని మేం చూశాం, ఆ సీజన్ అయిపోతే మిగతా ఏడాదంతా మొగుడి చేలో ఊరికే చాకిరీ. సర్వేవాళ్లకి ఆమె ఉద్యోగి. అదే మనిషి పంట లోన్‌కి బ్యాంకుకి పోతే సాత్‌బారా (పొలం రికార్డు కాగితం) మీద నీ పేరు లేదమ్మా, మీ ఆయన్ని పంపు అంటారు. లెక్కల్లో రైతు, లోన్ దగ్గర మాత్రం ఎవరో రైతు పెళ్లాం.

డిగ్రీ చదివిన అమ్మాయిల సంగతి ఇంకా ఘోరం. ఉద్యోగం వెతుక్కుంటేనో, పని దొరికితే చేస్తానంటేనో నిరుద్యోగి అంటారు, జిల్లా కేంద్రం గడ్చిరోలికి ఇక్కణ్ణుంచి 200 కిలోమీటర్లు, ఎక్కడని వెతుక్కుంటుంది? ఆశ వదులుకుని ఇంటిపని చేసుకుంటున్నానంటే ఆమె నిరుద్యోగి కూడా కాదు, అసలు లెక్కలోనే లేదు. శ్రీలంకలో ఆడవాళ్ల నిరుద్యోగం మగవాళ్లకంటే రెట్టింపు అని వెక్కిరించేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, అక్కడ చదువుకున్న అమ్మాయిలు కనీసం వెతుక్కుంటున్నారు, అందుకే అంకె కనిపిస్తోంది.

జీతం లేనివాళ్లని తీసేసి గ్రాఫ్ మళ్లీ గీయండి. ఆమెని రైతు అని సర్వేలో రాసుకున్న ప్రభుత్వమే బ్యాంకులో కూడా రైతు అని రాయాలి, అది చేతకాకపోతే ఆమె చాకిరీని మీ ఘనతగా చెప్పుకోవడం ఈరోజే ఆపండి.