స్టడీ డిస్క్రిప్షన్ గడి గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టడీ డిస్క్రిప్షన్ గడి గారి సముఖమునకు, స్కాన్ల ఆర్కైవ్ చూసుకునే ఉద్యోగి నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ. తమరు కులాసాగానే ఉన్నారు, రోజూ చూస్తూనే ఉన్నాను. నాకే మొన్న రాత్రి నుంచి కళ్లు మండుతున్నాయి.

తమరిని ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్కాన్ తీసిన ప్రతిసారీ బొమ్మ వెంట ఒక చీటీ కూడా వెళ్తుంది. పేషెంట్ పేరు, ఐడీ, తేదీ, ఏ మెషీన్, ఏ పరీక్ష, అన్నీ అందులో ఉంటాయి. ఆ చీటీలో ఏ పరీక్ష తీశారో చెప్పే గడి తమరే. ఆ చీటీ ఎలా ఉండాలో చెప్పే పద్ధతి పేరు డైకామ్. అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, పరికరాలు చేసేవాళ్ల సంఘం 1983లో కలిసి కూర్చుంటే 1985కి మొదటి రూపం వచ్చింది. డైకామ్ అన్న పేరు 1993లో కుదిరింది. అందులో తమరి ఇంటి నంబరు 0008,1030. విశాలమైన ఇల్లే, 64 అక్షరాలు పడతాయి. ఇరుగుపొరుగు చూస్తే మహా నిష్ఠాపరులు. తేదీ గారింట్లో సరిగ్గా 8 అంకెలే. ప్రతి స్కాన్‌కీ విడిగా ఇచ్చే నంబరు స్టడీ యూఐడీ గారైతే అంకెల్ని, చుక్కల్ని తప్ప ఎవర్నీ గడప తొక్కనివ్వరు, తమలాంటి వాళ్లు ప్రపంచంలో ఇంకొకరు ఉండకూడదంటారు. తమరిది మాత్రం ధర్మసత్రం. ఎవరైనా రావచ్చు, ఏమైనా రాసిపోవచ్చు.

ఆ సత్రంలో బస చేసినవాళ్లను ఈమధ్య ఒక కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. సీటీ చెస్ట్. చెస్ట్ సీటీ. థోరాక్స్. లంగ్స్. ఛాతీకి ఉన్న స్పెల్లింగ్ నాలుగు రకాలుగా తప్పు. రొటీన్. రిపీట్. టెస్ట్. ఒకచోట ఒట్టి చుక్క ఉంది. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వదు కదా, పాపం ఎవరో చుక్క పెట్టి బయటపడ్డారు. ఆ చుక్క మీద నాకు కోపం లేదు, అది అబద్ధమైతే చెప్పలేదు.

ఇక మొన్న రాత్రి సంగతి. రేడియాలజిస్టు గారు ఫోన్ చేశారు. ఒకాయన ఊపిరితిత్తిలో చిన్న నాడ్యూల్, అంటే చిన్న గడ్డ, కనిపించిందట. అది కొత్తగా వచ్చిందా, ఎప్పటినుంచో ఉన్నదేనా తేలాలి. గట్టి నాడ్యూల్ రెండేళ్లపాటు పెరగకుండా అలాగే ఉంటే సాధారణంగా భయం లేదంటారు. కొత్తదైతే దారి వేరు. మళ్లీ స్కాన్లు, బహుశా సూది పరీక్ష, ఇంటిల్లిపాదికీ టెన్షన్. "మూడేళ్ల కిందట ఇక్కడే తీయించుకున్నానంటున్నాడండీ, ఏదీ?" అన్నారు.

అసలైతే ఆ ఫోనే రాకూడదు. డాక్టర్ కొత్త స్కాన్ తెరవగానే పనికొచ్చే పాత స్కాన్లు వాటంతటవే వచ్చి పక్కన నిలబడాలి. ఏ పాతదాన్ని తేవాలో సిస్టమ్ చాలావరకు తమరి మాట వినే తేల్చుకుంటుంది. ఛాతీ అని తమరంటే ఛాతీ, కాదంటే కాదు.

వెతికాను. ఛాతీ అని కొడితే లేదు. థోరాక్స్ లేదు. తప్పు స్పెల్లింగులన్నీ వరసగా కొట్టాను, లేదు. డిస్క్ మీద నుంచి పోయిందా అంటే అదీ కాదు. ఒక్కొక్క సీటీ ముక్క 512 నిలువు, 512 అడ్డం చుక్కలతో సుమారు అర మెగాబైటు, అలాంటివి వందలకొద్దీ, ఒక్కటి తగ్గకుండా భద్రంగా ఉంటాయి మా దగ్గర. ఆర్కైవ్‌లో సరుకు పోదు, ఆచూకీ పోతుంది.

చివరికి ఆయన పేరు మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచాను. మూడోది "బ్రెయిన్". తెరిస్తే మొదట నిజంగా తలకాయే. కిందికి జరుపుకుంటూ పోతే రెండో సిరీస్‌లో పక్కటెముకలు, వాటి మధ్య ఊపిరితిత్తులు! యాక్సిడెంట్ కేసు కాబట్టి తలా ఛాతీ ఒకే బుకింగ్‌లో తీశారు. మొదట తలకు పెట్టిన ప్రోటోకాల్ నుంచి, అంటే మెషీన్‌లో ముందే సిద్ధంగా ఉన్న సెట్టింగ్ నుంచి, "బ్రెయిన్" అన్న పేరు దానంతటదే తమరి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది నా పని. నాడ్యూల్ అక్కడే ఉంది, అదే సైజు. ఆయన ఇంటికి వెళ్లి పడుకుని ఉంటాడు. నేను తమరికి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

టెక్నీషియన్‌ని తిట్టబోయి ఆగాను. తెల్లవారుజామున మూడింటికి, బయట ఇంకో స్ట్రెచర్ ఎదురు చూస్తుంటే, డిస్క్రిప్షన్ సరిదిద్దుతూ కూర్చోమని నేనైతే చెప్పలేను. పేరు, ఐడీ ముందుగా రాసుకున్న పరీక్షల జాబితా అయిన వర్క్‌లిస్ట్ నుంచి నేరుగా మెషీన్‌లోకి దిగుతాయి, చేత్తో కొట్టే పని లేదు. మరి పరీక్ష పేరు కూడా అలాగే దిగాలి కదా? దిగుతుంది, ఎవరైనా ముందుగా పేర్ల పట్టీ ఒకటి చేసి పెడితే. పరీక్షల పేర్లకు అంతర్జాతీయంగా ప్రామాణిక పట్టీలు కూడా ఉన్నాయి. పట్టీ ఎవరు చేయాలన్న మీటింగులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి.

తమరి తమ్ముడు, "పరీక్షించిన శరీర భాగం" గడి గారు కూడా తక్కువ తినలేదు. 2002లో జర్మనీలోని ఆఖెన్ పరిశోధకులు ఆసుపత్రి బొమ్మల చీటీలు తనిఖీ చేస్తే, ఆ గడిలో 15 శాతం దాకా తప్పులే కనిపించాయి. కారణం అదే కథ, ప్రోటోకాల్‌తో పాటు దానంతటదే నిండిపోవడం. వంశపారంపర్యం కాబోలు.

బయటి నుంచి వచ్చే సీడీల గొడవ తమరి మీద వేయను. సీడీ మీద ఫైల్ పేరుకు 8 అక్షరాలే గతి కాబట్టి ప్రతి సీడీలోనూ ఐఎం00001లాంటి వాళ్లే ఉంటారు. అక్కడి ఐడీ మార్చకుండా ఎక్కించేస్తే, మా దగ్గర ఆల్రెడీ ఉన్న మనిషే ఇంకోసారి పుడతాడు. దానికి వేరే ఉత్తరం రాస్తాను, వేరే గడి గారికి.

ఇంతకీ అసలు విషయం. తమరి స్వేచ్ఛకు భంగం కలిగించినందుకు మన్నించాలి. పోయిన సోమవారం తమరి ద్వారానికి తాళం వేశాం. ఇక ఎవరూ తోచింది రాయలేరు, పట్టీలోంచి ఎంచుకోవాల్సిందే. ఆ రోజు నాకు పండగే. మంగళవారం మధ్యాహ్నం వచ్చినవాటిని చూశాను. మోకాలు, ఆబ్డొమెన్ (అంటే పొట్ట). భుజం, ఆబ్డొమెన్. చీలమండ, అదీ ఆబ్డొమెన్. ఏమిటా అని చూస్తే, ఇంగ్లీషు అక్షర క్రమంలో పట్టీలో మొదటి పేరు అదే. జనం మొదటిదాని మీద నొక్కి ముందుకు పోతున్నారు.

తమరే గెలిచారు. పట్టీని తిరగరాసి మళ్లీ తమ దర్శనానికి వస్తాను. అంతవరకు సెలవు.

ఇట్లు,
తమ పాదాలకు నమస్కరిస్తూ (పాదాలంటే ఫుట్, ఆబ్డొమెన్ కాదు),
ఆర్కైవ్ ఉద్యోగి