ముందు గొంతు రికార్డు చేయనివ్వండి
ఇది కల అని కలలోనే తెలిసిపోయే లూసిడ్ డ్రీమ్స్‌ను రాసుకునే యాప్‌లో, లేవగానే చోటు, మనుషులు, భావాలు అంటూ గడులన్నీ నింపించాలని ఒక వ్యాసంలో అన్నారు. నేను ఒప్పుకోను. కల చెదిరిపోవడానికి ఎంతోసేపు పట్టదు. మాది హనుమకొండ. ఒకసారి వేయిస్తంభాల గుడి నంది మోకాలిలోతు నీళ్లలో లేచి నిలబడి కనిపించింది, అది చూశాకే కల అని తెలిసింది. యాప్ తెరిస్తే ముందు 'మీ భావం ఎంచుకోండి' అని అడిగింది. దాని సంగతి చూసేలోపు నంది తర్వాత జరిగిందంతా పోయింది, ఇప్పటికీ బాధే. అందుకే లేవగానే నల్లటి తెర, ఒక్క రికార్డు బటన్ చాలు. నిద్రమత్తులో మన యాసలో గొణిగింది అక్షరాల్లోకి తప్పుగా మారుతుంది కాబట్టి అసలు ఆడియో చెరపకూడదు. గడులు, విశ్లేషణ మధ్యాహ్నం చూసుకోవచ్చు. మళ్లీ మళ్లీ వచ్చే మనుషులు, చోట్లు ఏవో అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏరి చూపిస్తే నిజంగా మేలు. ఇంకొకటి, పరుపు మీది ఫోన్ కదలికలతో లూసిడ్ డ్రీమ్‌ను పట్టేస్తామనకండి. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హర్న్ అనే పరిశోధకుడు దాన్ని నమోదు చేసింది కంటి కదలికల సంకేతాలతో. కలలు ఎక్కువగా వచ్చే, కళ్లు వేగంగా కదిలే ఆర్‌ఈఎం నిద్రలో మిగతా ఒంటి కండరాలు దాదాపు కదలవు, ఫోన్‌కు ఏం తెలుస్తుంది?