మా ఊరి దారికి కంప మేమే వేసుకున్నాం. మిగతావేవీ మమ్మల్ని అడిగి చేయలేదు

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదికి టీవీలో చెప్పారు, పన్నెండు దాటేసరికి కరోనా లాక్‌డౌన్. మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం. ఇక్కడివాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మూడో రోజు బండి మీద పలాస తీసుకెళ్తుంటే దారిలో ఆపేశారు. ఆస్పత్రి పుస్తకం చూపిస్తే "పైన అడగాలి, ఆగు" అన్నారు. వైద్యానికి మినహాయింపు ఉందని ఆ ఆర్డర్లోనే రాసుంది. ఆ సంగతి ఆపినాయనకీ తెలీదు, నాకూ తెలీదు. గంటకి పైగా ఎండలో నాన్న నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కాళ్ల వాపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

లాక్‌డౌన్ వద్దని నేననడం లేదు. అసలు పోలీసులు రాకముందే మా ఊరి దారికి కంప మేమే వేశాం. రావిచెట్టు కింద దూరదూరంగా కూర్చుని మాట్లాడుకున్నాం. బయట నుంచి వచ్చినవాళ్లని బడిలో ఉంచాలన్నాం, వాళ్లకి బియ్యం ఎవరివ్వాలో అనుకున్నాం. చేపలమ్మే ఒక పెద్దావిడ లేచి "దారి మూసేస్తే నాకు కూడెవరు పెడతారయ్యా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత తెల్లవారుజామున రెండు గంటలపాటు కంప తీయాలని తేల్చాం. ఆవిడ ప్రశ్న వల్ల మా నిర్ణయమే మారింది. అందుకే అందరం పాటించాం.

పైనుంచి వచ్చిన ఆర్డర్లని అలా ప్రశ్నించే చోటే లేకపోయింది. రాజ్యాంగం 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ పెడితే నెలలోగా పార్లమెంటు ఒప్పుకోవాలి. లాక్‌డౌన్‌కి వాడింది మాత్రం అది కాదు, 2005 విపత్తు నిర్వహణ చట్టం, దానికి తోడు బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లవాళ్లు చేసిన 1897 చట్టం. ఆ ఆర్డర్లని సభలో ఓటుకి పెట్టాలనే షరతు రెండిట్లోనూ లేదు. మార్చి 23న వాయిదా పడిన పార్లమెంటు మళ్లీ సెప్టెంబర్ 14న కూర్చుంది, అదీ ప్రశ్నోత్తరాల సమయం లేకుండా. పోనీ కిందైనా అడుగుదామంటే సర్పంచ్ ఏడీ? 2018 ఆగస్టులో పదవీకాలం అయిపోయింది. 2021 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యేదాకా స్పెషల్ ఆఫీసర్లే.

మొదటి మూడు వారాలు అడిగే టైం లేదంటే ఒప్పుకుంటా. ఏప్రిల్ 14న పొడిగించినప్పుడు? శ్రీకాకుళం జిల్లాలో మొదటి కేసులు ఏప్రిల్ ఆఖరి వారంలో పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. విజయనగరంలో మే దాకా ఒక్కటీ లేదు. ఈలోగా గుజరాత్ వేరావల్‌లో మన మత్స్యకారులు వేలమంది బోట్లలోనే రోజులు లెక్కపెట్టుకున్నారు. వాళ్ల ఇళ్లకి వెళ్లి "ఈ పొడిగింపుకి మీరేమంటారు?" అని అడిగినవాళ్లు లేరు. జ్వరముందా అని అడగడానికి మాత్రం వాలంటీర్లు గడపగడపకీ వచ్చారు. ఆ ఫారంలోనే ఇంకో రెండు ప్రశ్నలు పెట్టొచ్చు కదా, ఇంట్లో తిండికి ఏముంది, ఏ మినహాయింపు కావాలి అని.

"అందరూ పాటించారు, అంటే ఒప్పుకున్నట్టే" అంటారు కొందరు. లాఠీ చూసి ఇంట్లోకి పోయినవాళ్లని కూడా ఒప్పుకున్నవాళ్ల లెక్కలో ఎలా వేస్తారు?

మా పంచాయతీలో ఈసారి గ్రామసభ పెడితే నేను కాగితం మీద రాసి ఇస్తా. మళ్లీ ఇలాంటిది వస్తే దారి మూసిన వారంలోపు సభ పెట్టాలని, డయాలసిస్ వాళ్ల పేర్లు ముందే చెక్‌పోస్టుకి పంపాలని, పొడిగించే ప్రతిసారీ ఊరిని అడిగి ఆ జవాబు తీర్మానంగా కలెక్టరుకి చేర్చాలని. సంతకం పెట్టేవాళ్లు రండి.