గుడి వారసుడు ఏటి ఒడ్డుకు ఎందుకు వెళ్లాడు?

బాప్తిస్మమిచ్చు యోహాను అనగానే చాలామందికి గుర్తొచ్చేవి మూడే: ఒంటె రోమాల బట్ట, మిడతలూ అడవితేనే, పళ్లెంలో తల. క్రిస్మస్ ముందు ప్రసంగాల్లో యేసుకు దారి సిద్ధం చేసినవాడని రెండు ముక్కలు చెప్పి, అసలు కథలోకి వెళ్లిపోతారు. ఆ తొందరలో ఆయన ఇంటి సంగతి ఎవరికీ పట్టదు. నాకైతే ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద విషయం అదే.

లూకా సువార్త ప్రకారం తండ్రి జెకర్యా అబీయా తరగతికి చెందిన యాజకుడు, అంటే గుడి పూజారి; తల్లి ఎలీసబెతు యూదుల మొదటి ప్రధాన యాజకుడు అహరోను వంశపు ఆడపడుచు. యూదుల్లో యాజకత్వం పుట్టుకతో వచ్చే హక్కు. 24 తరగతుల యాజకులు వంతులవారీగా యెరూషలేము దేవాలయంలో సేవ చేసేవారు. ముసలితనంలో, లేకలేక పుట్టిన కొడుకు యోహాను. తండ్రి ధూపం వేసిన చోటే తానూ ధూపం వేయాల్సినవాడు. అలాంటివాడు యూదయ అరణ్యంలో తేలాడు. గుడి వైపు మళ్లీ చూసినట్టు ఎక్కడా లేదు.

అప్పటికి ఆ గుడి ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. ప్రధాన యాజకుణ్ణి పెట్టేదీ తీసేదీ రోమన్ గవర్నర్లు. అన్న అనే పెద్దమనిషి ఆ పదవి చేశాడు. ఆ తర్వాత ఆయన కొడుకులు ఐదుగురు చేశారు, అల్లుడు కయప కూడా చేశాడు. ఒక్క కుటుంబం! లూకా ఈ సంగతి తెలిసే రాశాడనిపిస్తుంది. రోమా చక్రవర్తి తిబెరి కైసరు ఏలుబడిలో 15వ ఏట, అంటే సుమారు క్రీ.శ. 28-29లో, అంటూ మొదలుపెట్టి పిలాతు, హేరోదు, ఫిలిప్పు, లుసానియ, అన్న, కయప అని పదవుల్లో ఉన్నవాళ్లందరినీ వరసపెట్టి చెప్తాడు. చెప్పి, దేవుని వాక్కు మాత్రం అరణ్యంలో ఉన్న జెకర్యా కొడుక్కి వచ్చిందంటాడు. అంతకన్నా సూటిగా ఎవరు చెప్తారు?

యొర్దాను నది దగ్గర యోహాను చేసిన పని చూడండి. పాపాలు ఒప్పుకోవాలి, నీళ్లలో మునగాలి, బతుకు మార్చుకోవాలి. గొర్రెపిల్లా పావురాలూ కొనక్కర్లేదు, మధ్యలో ఏ కుటుంబం అనుమతీ అక్కర్లేదు. ఏం చేయమంటావని సుంకరులు అడిగితే, నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులు అడిగితే, బెదిరించి గుంజుకోకండి, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. ఇక అసలు దెబ్బ: యూదుల మూలపురుషుడైన అబ్రాహాము మా తండ్రి అని చెప్పుకుని తిరగకండి, దేవుడు తలుచుకుంటే ఈ రాళ్లతోనే అబ్రాహాముకు పిల్లల్ని పుట్టించగలడు. ఈ మాట అన్నది వంశబలం లేక కడుపుమండిన మనిషి అయితే అసూయ అని కొట్టేయొచ్చు. అన్నది అహరోను వంశస్థుడు.

గలిలయ పాలకుడు హేరోదు అంతిప ఆయన్ను ఎందుకు చంపించాడంటే సువార్తలు హేరోదియ పగను చూపిస్తాయి: అన్న భార్యను హేరోదు పెళ్లాడటం తప్పని యోహాను అన్నాడు, ఆమె కూతురు విందులో నాట్యం చేసి ఆయన తల అడిగింది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ మాత్రం వేరే కారణం రాశాడు: జనం యోహాను ఏం చెబితే అది చేసేలా ఉన్నారని, తిరుగుబాటు వస్తుందేమోనని హేరోదు భయపడ్డాడు. అందుకే మృత సముద్రానికి తూర్పున ఉన్న మకేరస్ కోటకు పంపి చంపించాడు. విందులో నాట్యం కథ చిత్రకారులకు బాగా పనికొచ్చింది. రాజకీయం తెలిసినవాళ్లకు జోసీఫస్ మాట చాలు.

యాజక వంశం సంగతి లూకా ఒక్కడే చెప్పాడు, దాని మీద ఇంత మేడ కట్టొచ్చా అని కొందరు పండితులంటారు. మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల దగ్గర వేరుగా బతికిన యూదు సమాజం కూడా గుడి యాజకుల్ని తప్పుబట్టింది, ఇందులో కొత్తేముందని ఇంకొందరు. సరే. కానీ ఆ రాళ్ల మాట మత్తయిలోనూ లూకాలోనూ దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఉంది. కుమ్రానువాళ్లు తమలో తాము పవిత్రంగా బతికారు. యోహాను సుంకరులూ సైనికులూ వచ్చే బహిరంగ స్థలంలో నిలబడ్డాడు. తేడా చిన్నది కాదు.

పుట్టుక లెక్కలోకి రాదన్న ఆ మాట తెలుగు నేల మీద కూడా ఒకసారి కళ్లముందు జరిగింది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు కరువు కాలమంతా అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులే. ఊరి గుళ్లోకి అడుగుపెట్టనివ్వని మనుషులకు ఆ ఏటి దగ్గర పుట్టుక అడ్డం రాలేదు.

మరి ఇవాళ? పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రిస్టియన్ అన్న మాట పక్కనే కులం పేరు ఉంటుంది. ప్రార్థన కూడికల ఫ్లెక్సీ చూడండి: పెద్ద ఫొటో దైవజనుడిది, అంటే పాస్టరుగారిది, పక్కన అమ్మగారిది, కింద కొడుకూ కోడలూ. కొడుక్కి పాతికేళ్లు నిండకముందే పేరుకు ముందు రెవరెండ్ వచ్చేస్తుంది. పార్టీల్లో వారసుల్ని చూసి నవ్వుకునే మనం చర్చిలో అదే జరిగితే ఆమేన్ అంటున్నాం. అడిగితే ఒకటే జవాబు: బయటివాళ్ల చేతిలో పెడితే పరిచర్య చెదిరిపోతుందండీ.

యోహానుకు కొడుకు లేడు. గుడి లేదు, ఆస్తి లేదు, ట్రస్టు లేదు. ఆయన చనిపోయి రెండు దశాబ్దాలయ్యాక, ఎక్కడో సముద్రం దాటి ఎఫెసులో, మేం యోహాను బాప్తిస్మం పొందినవాళ్లం అని చెప్పుకునే సుమారు పన్నెండు మంది అపొస్తలుడు పౌలుకు ఎదురయ్యారు. వాళ్లలో ఎవరూ యోహాను బంధువులని బైబిల్లోని అపొస్తలుల కార్యములు చెప్పదు.