ల్యాబ్ అంకె ఒక్కటే చాలదు, గ్రాఫు కూడా బయటపెట్టాలి

పాలల్లో కల్తీ తేలిందంటారు. మాత్రలో క్యాన్సర్ తెచ్చే పదార్థం ఉందంటారు. ఆటగాడి మూత్రంలో నిషేధిత మందు జాడ దొరికిందంటారు. ప్రతిసారీ ఆ మాట వెనక ఒక అంకె ఉంటుంది, ఆ అంకె వెనక ఒక ఖరీదైన మెషిన్ ఉంటుంది. "మెషిన్ చెప్పింది" అనగానే అవతలివాళ్ల నోరు మూతపడిపోతుంది. నా గొడవంతా ఇక్కడే. మెషిన్ నుంచి వచ్చేది సిగ్నల్ మాత్రమే. డిటెక్టర్ మీద ఎంత కాంతి పడింది, ఎన్ని అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) తగిలాయి, అంతవరకే దానికి తెలుసు. దాన్ని "లీటరుకి ఇన్ని మైక్రోగ్రాములు" అనే అంకెగా మార్చేది మనుషులు, అదీ దారి పొడవునా రకరకాల నిర్ణయాలు తీసుకుంటూ. ఆ నిర్ణయాలన్నీ కప్పిపెట్టి చివరి అంకె ఒక్కటే మన ముందు పెట్టి నమ్మమంటే నమ్మక్కర్లేదు. రిపోర్టుతో పాటు ముడి డేటా అంతా ఇవ్వడం తప్పనిసరి చెయ్యాలి.

ఈ పరికరాల మీద నాకు కోపమేమీ లేదు, పైగా మోజే ఎక్కువ. మంటలో మెరిసిన రెండు నీలి గీతల్ని పట్టుకుని బున్సెన్, కిర్కాఫ్ 1860లో సీజియం అనే కొత్త మూలకాన్ని కనిపెట్టారు. సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ట్స్వెట్ ఆకు రంగుల్ని విడదీశాడు. 1955లో అలన్ వాల్ష్, అణువులు పీల్చుకునే కాంతిని బట్టి మూలకాల్ని కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ పద్ధతిని ముందుకు తెచ్చాడు. పెద్ద పెద్ద ప్రొటీన్లని ముక్కలు కానివ్వకుండా, అయాన్లని బరువుని బట్టి ఏరే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపే దారి చూపినందుకు జాన్ ఫెన్, కొయిచి తనాకాలకి 2002లో నోబెల్ వచ్చింది. ఇవి ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. ఇవాళ వంద కోట్ల పాళ్లలో ఒక్క పాలు ఉన్నా పట్టుకోగలుగుతున్నాం. కాకపోతే అంత చిన్నదాన్ని కొలిచే చోట అంకె ఎంత పెళుసుగా ఉంటుందో బయటివాళ్లకి ఎవరూ చెప్పట్లేదు.

ఆర్సెనిక్ సంగతే చూడండి. నీళ్లలో, రక్తంలో, మూత్రంలో దాన్ని కొలవడానికి ఐసీపీ-ఎంఎస్ అనే మెషిన్‌ని బాగా వాడుతున్నారు. శాంపిల్‌ని వేల డిగ్రీల వేడి ఉన్న ఆర్గాన్ ప్లాస్మాలోకి తుంపరలుగా పంపితే అందులో ఉన్నవన్నీ విడిపోయి అయాన్లు అవుతాయి, మెషిన్ వాటిని బరువుని బట్టి ఏరి లెక్కపెడుతుంది. ప్రకృతిలో దొరికే ఆర్సెనిక్ అంతా ఒకే బరువు, 75. చిక్కేంటంటే ప్లాస్మాలోని ఆర్గాన్ (40), శాంపిల్‌లోని ఉప్పు నుంచి వచ్చిన క్లోరిన్ (35) జతకడితే ఆ జంట బరువు కూడా 75 అవుతుంది. మామూలుగా పనిచేసే మెషిన్‌కి ఆ రెండూ ఒకటే. వేరే మూలకాలకి ఇలాంటి ఇబ్బంది వస్తే చాలావాటికి ఇంకో ఐసోటోప్‌కి (అదే మూలకానికి వేరే బరువున్న రూపానికి) మారిపోవచ్చు, ఆర్సెనిక్‌కి ఆ దారి లేదు, ఉన్నదే ఒక్కటి. అందుకని హీలియం నింపిన చిన్న గదిలోంచి అయాన్లని పంపుతారు. జంట అయాన్ సైజులో పెద్దది కాబట్టి హీలియంతో ఎక్కువసార్లు గుద్దుకుని శక్తి పోగొట్టుకుని అక్కడే ఆగిపోతుంది, ఆర్సెనిక్ ముందుకి వెళ్తుంది. తాగే నీళ్లలో ఆర్సెనిక్‌కి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకి 10 మైక్రోగ్రాములు. బాగా ఉప్పున్న శాంపిల్‌కి ఆ రోజు హీలియం ఆన్ చేశారా లేదా అన్నదాని మీద రిపోర్టు పరిమితికి ఇటో అటో పడొచ్చు. మరి ఆ ముక్క రిపోర్టులో రాస్తారా? చాలా రిపోర్టుల్లో పరీక్ష పద్ధతి పేరు, అంకె, యూనిట్ తప్ప ఏమీ ఉండదు.

ఇంకో నిర్ణయం ఉంది, అది ఇంతకంటే ముఖ్యం, ఎందుకంటే అది మౌస్‌తో జరుగుతుంది. మిశ్రమాన్ని కాలమ్ అనే గొట్టంలోంచి పంపి పదార్థాల్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీలోనో (ద్రవంతో) గ్యాస్ క్రోమాటోగ్రఫీలోనో (వాయువుతో) తెరమీద కనిపించేది ఒక గీత. మనకి కావలసిన పదార్థం కాలమ్ దాటి బయటికొచ్చినప్పుడు ఆ గీత పైకి లేచి దిగుతుంది, అదే పీక్. పీక్ కింద ఎంత వైశాల్యం ఉందో అంత పదార్థం ఉన్నట్టు. పాఠ్యపుస్తకాల్లో పీక్ చక్కగా, ఒంటరిగా, గంట ఆకారంలో ఉంటుంది. నిజం శాంపిల్‌లో మాత్రం పెద్ద పీక్ ఒకటి దిగుతూ దిగుతూ ఉండగా దాని భుజం మీద చిన్న ఉబ్బు కనబడుతుంది, మనకి కావలసిన కలుషితం ఆ ఉబ్బే. దాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలి? రెండింటి మధ్య లోయ నుంచి కిందికి నిట్టనిలువుగా గీత గీస్తే ఒక వైశాల్యం వస్తుంది, పెద్ద పీక్ వాలుని ఒరుసుకుంటూ ఏటవాలు గీత గీస్తే దానికంటే బాగా తక్కువ వస్తుంది. రెండూ పుస్తకాల్లో ఉన్న పద్ధతులే, రెండిటికీ సమర్థన ఉంది. ఒకటి వాడితే బ్యాచ్ పాస్, ఇంకోటి వాడితే ఫెయిల్. సాఫ్ట్‌వేర్ గీసిన బేస్‌లైన్, అంటే పీక్ అడుగున గీసే గీత, నచ్చకపోతే చేత్తో జరిపే అవకాశమూ ఉంది. మందుల కంపెనీల తనిఖీల్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడిట్ ట్రెయిల్ (మార్పుల చిట్టా) అడిగి మరీ చూసేది ఇందుకే, బేస్‌లైన్‌ని ఎవరు, ఎప్పుడు, ఎందుకు జరిపారో అందులో ఉంటుంది కాబట్టి. ఆ మౌస్ కదలిక చూడకుండా చివరి అంకెని చర్చించడం వృథా ప్రయాస.

శాంపిల్ మెషిన్ దగ్గరికి రాకముందే జరిగేది ఇంకో కథ. క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రవేత్త ఉల్కల్లో సీసాన్ని (లెడ్) కొలిచి 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. అక్కడిదాకా రావడానికి ఆయన ఏళ్ల తరబడి పోరాడింది ల్యాబ్ గాలిలో, గాజుసామానులో, రసాయనాల్లో ఉన్న సీసంతో. తరవాత సముద్రపు నీటి మీద పని చేసినప్పుడు కూడా అంతకుముందు ఇతరులు కొలిచిన అంకెల్లో పెద్ద భాగం సముద్రానిది కాదని, కొలిచినవాళ్ల బాటిళ్లది, చేతులదని బయటపడింది. వాళ్ల పరికరాలు చెడిపోలేదు, వచ్చిన సీసాన్ని నిక్కచ్చిగానే కొలిచాయి. అందుకే కొలవాల్సిన పదార్థం వెయ్యకుండా పరీక్షించే ఖాళీ శాంపిల్, అదే బ్లాంక్, ఎంత చూపించిందో రిపోర్టులో ఉండాలి. అది లేని రిపోర్టుని నేనైతే పక్కన పెట్టేస్తాను.

మనుషులంతా నిజాయితీగా, జాగ్రత్తగా పనిచేశారనే అనుకుందాం. అప్పుడు కూడా ల్యాబ్‌కీ ల్యాబ్‌కీ అంకె తేడా వస్తుంది. విలియం హోర్విట్జ్ అనే అమెరికా కెమిస్ట్ చాలా ల్యాబ్‌ల ఫలితాలు పోల్చి చూసి 1980లో ఒక లెక్క చెప్పాడు. గాఢత వంద రెట్లు తగ్గినప్పుడల్లా ల్యాబ్‌ల మధ్య తేడా రెట్టింపవుతుంది. పది లక్షల్లో ఒక పాలు దగ్గర సుమారు 16 శాతం, వంద కోట్లలో ఒక పాలు దగ్గర సుమారు 45 శాతం. కొత్త పరికరాలతో ఇది సగానికి తగ్గిందనే అనుకున్నా, పరిమితి 10 అయినప్పుడు ఒక మంచి ల్యాబ్ 8.5 అని, ఇంకో మంచి ల్యాబ్ 11.5 అని ఇవ్వడంలో వింతేమీ లేదు. ఆ 11.5 పట్టుకుని హెడ్డింగ్ పెట్టేస్తారు.

నా వాదనకి రానిటిడిన్ వ్యవహారాన్ని మించిన సాక్ష్యం లేదు. 2019 సెప్టెంబరులో వాలిష్యూర్ అనే అమెరికా ఆన్‌లైన్ ఫార్మసీ ఈ ఎసిడిటీ మాత్రలో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారకం ఉందని ఎఫ్‌డీఏకి పిటిషన్ పెట్టింది. రోజుకి 96 నానోగ్రాములు మించకూడని చోట, ఒక్కో మాత్రలో 30 లక్షల నానోగ్రాములకి పైగా! ప్రపంచమంతా టెన్షన్. తర్వాత ఎఫ్‌డీఏ ఏమందంటే, ఆ పరీక్ష జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రోమాటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటర్ జతచేసిన మెషిన్) మీద చేశారు, అందులో శాంపిల్‌ని 130 డిగ్రీల దాకా వేడి చేశారు, ఆ వేడికి రానిటిడిన్ అణువే విరిగి ఎన్‌డీఎంఏ పుడుతోంది. అంటే కొలిచినదాంట్లో చాలా భాగం కొలవడం వల్ల తయారైంది. అంత వేడి అక్కర్లేని ఎల్‌సీ-ఎంఎస్‌తో (వాయువు బదులు ద్రవంతో విడదీసేది) చూస్తే అంకె ఎన్నో రెట్లు తగ్గింది, అయినా కొన్ని శాంపిళ్లు పరిమితి దాటే ఉన్నాయి. కథ అక్కడ ఆగలేదు. నిల్వ ఉంచితే, అందులోనూ వెచ్చటి చోట ఉంచితే, మాత్రలోనే ఎన్‌డీఎంఏ పెరుగుతోందని తేలింది. 2020 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ మొత్తం రానిటిడిన్‌ని మార్కెట్ నుంచి తీసేయమంది. మొదటి అంకెని పట్టుకుని వేలాడినా తప్పే, అంకె తప్పు కదా అని భయాన్ని కొట్టిపారేసినా తప్పే. అణువు నిలకడైనది కాదన్న అసలు విషయం రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు గానీ తేటపడలేదు. అలా పెట్టి చూడగలగడానికి కారణం ఆ 130 డిగ్రీల సంగతి పిటిషన్‌లో రాసి ఉండటం, ఎఫ్‌డీఏ కూడా తన పద్ధతిని ప్రచురించడం. పద్ధతి దాచి అంకెలే చెప్పుకుని ఉంటే ఇద్దరూ ఇప్పటికీ నాదంటే నాదని వాదించుకుంటూ ఉండేవాళ్లు.

దీనికి ఎదురు వాదన ఉంది. క్రోమాటోగ్రామ్‌లు (ఆ పీక్‌ల గ్రాఫులు) మామూలు జనానికి ఏం అర్థమవుతాయి, ప్రతి గీతనీ పట్టుకుని లాయర్లు అనవసర అనుమానాలు రేపుతారు, కల్తీ చేసినవాళ్లే తప్పించుకుంటారు అంటారు. ఈ భయం ఉత్తిది కాదని ఒప్పుకుంటాను. కానీ జనం మొత్తానికి అర్థం కానక్కర్లేదు, అర్థమయ్యే ఇంకో కెమిస్ట్ ఒక్కరికి అందుబాటులో ఉంటే చాలు. ఇక అనుమానానికి నిలబడలేని పరీక్ష మీద ఎవరికైనా శిక్ష వేస్తున్నామంటే అక్కడ లోపం అనుమానానిది ఎలా అవుతుంది?

శిక్ష అన్నాను కాబట్టి అసలు విషయానికి వస్తాను. 2009లో మెలెండెజ్-డియాజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో ఒక తీర్పు ఇచ్చింది. పట్టుబడ్డది కొకైనే అని ల్యాబ్ సర్టిఫికెట్ కాగితం ఇచ్చేస్తే సరిపోదు, పరీక్ష చేసిన మనిషి కోర్టుకొచ్చి ప్రశ్నలకి జవాబు చెప్పాలి అని. సైన్సుని కోర్టు మెట్లెక్కించడమేంటని అప్పట్లో గోల చేసినవాళ్లున్నారు. మూడేళ్లు దాటిన కొద్దికాలానికే, ఆ కేసు పుట్టిన మసాచుసెట్స్ రాష్ట్రంలోనే, ప్రభుత్వ డ్రగ్ ల్యాబ్‌లో ఒక కెమిస్ట్ చాలా శాంపిళ్లని పరీక్ష చెయ్యకుండానే చేసినట్టు రాసిందని బయటపడింది. 2017లో 21 వేలకి పైగా కేసులు కొట్టేశారు. ఒక్కో కేసులో ఒక్కో మనిషి, ఒక్కో కుటుంబం. అదే కాలంలో ఆ ల్యాబ్ సర్టిఫికెట్లన్నీ చూడటానికి ఎంతో పద్ధతిగా కనిపించి ఉంటాయి, ఎందుకంటే సర్టిఫికెట్‌లో కనిపించడానికి ఏమీ ఉండదు. ప్రతి శాంపిల్‌కీ స్పెక్ట్రమ్ (ఆ శాంపిల్‌కి మెషిన్ ఇచ్చిన గ్రాఫు) జతచెయ్యాలి, బ్లాంక్ జతచెయ్యాలి అనే నియమం ఉండి, వాటిని అవతలి పక్షం కెమిస్ట్ చూసి ఉంటే, చెయ్యని పరీక్షకి స్పెక్ట్రమ్ ఎక్కడి నుంచి తెచ్చేది?

ఇది కెమిస్ట్రీ ల్యాబ్‌తో ఆగే విషయం కూడా కాదు. మనిషి మీద తీర్పు చెప్పే కొలతలు రోజురోజుకీ ఎక్కువవుతున్నాయి, వాటి లోపల ఏం జరిగిందో చెప్పే బాధ్యత మాత్రం తగ్గుతోంది. పీక్ గీతలు కూడా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానే గీస్తోంది, అది నేర్చుకున్న లెక్క ఏంటో చాలాసార్లు వాడే కెమిస్ట్‌కి కూడా తెలియదు, కంపెనీ చెప్పదు. శ్వాస పరీక్ష, రక్త పరీక్ష, డీఎన్‌ఏ పోలిక, ఏదైనా సరే, ఒకరి ఉద్యోగాన్నో స్వేచ్ఛనో తీసేసే కొలత అయితే దాని లోపలి లెక్క వ్యాపార రహస్యం అనడానికి వీల్లేదు. ఆ మనిషికి దాన్ని తిప్పి చూసే హక్కు ఉండాలి, తన తరఫున చూసే నిపుణుణ్ణి పెట్టుకునే హక్కు ఉండాలి.

ఇది కుదరని పని అనేవాళ్లు డోపింగ్ పరీక్షల వైపు చూడాలి. అక్కడ శాంపిల్‌ని ఏ, బీ అని రెండు సీసాల్లో సీల్ చేస్తారు. మొదటిది పాజిటివ్ వస్తే రెండోది తెరిచి పరీక్షించమని ఆటగాడు అడగొచ్చు, దగ్గరుండి చూడొచ్చు. మొదటి సీసా (‘ఏ’ శాంపిల్) పరీక్ష తాలూకు ల్యాబ్ పత్రాల కట్ట మొత్తం అడిగి తీసుకోవచ్చు. మాస్ స్పెక్ట్రోమెట్రీ డేటాని ఏ కంపెనీ మెషిన్‌దైనా అందరూ తెరవగలిగేలా దాచుకోవడానికి ఎంజెడ్‌ఎంఎల్ లాంటి ఫార్మాట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఫైల్ పెట్టుకునే చోటుకి కరువు లేదు. కాబట్టి నియంత్రణ సంస్థలు ఇక సాకులు చెప్పడం మాని, ఒక ఉత్పత్తిని నిషేధించే, ఒక కంపెనీని మూయించే, ఒక మనిషిని జైలుకి పంపే ప్రతి ల్యాబ్ రిపోర్టుకీ క్రోమాటోగ్రామ్ లేదా స్పెక్ట్రమ్, బ్లాంక్ ఫలితం, కాలిబ్రేషన్ గీత (తెలిసిన మోతాదులతో సిగ్నల్‌ని అంకెకి ముడిపెట్టే గ్రాఫు), చేత్తో మార్చిన బేస్‌లైన్ల చిట్టా, అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో, ఇవన్నీ జతచేసి తీరాలని రాతపూర్వకంగా నియమం పెట్టాలి. జతచెయ్యని రిపోర్టుని కోర్టులు తీసుకోకూడదు, పత్రికలు దాని మీద హెడ్డింగ్ పెట్టకూడదు.